మూడో షెడ్డులో చప్పుడు లేదు

మిన్నెసోటా. టర్కీ కోళ్ళ ఫారం పక్కనే ఉన్న ఇల్లు. ఏప్రిల్ ఆదివారం, సాయంత్రం నాలుగు దాటింది. వంటగదిలో ఆర్లిస్, ఆమె భర్త వెర్లిన్. భోజనానికి కూతురు మారిట్, అల్లుడు ఎవాన్, మనవరాలు ఎల్సీ రావాలి.

"...ఉప్పు చాలు వెర్లిన్. ఆ చెంచా కింద పెట్టు."

"నేనేం వెయ్యలేదు. చూస్తున్నానంతే."

"చూసేవాడికి చెంచా దేనికి? గుండెకి స్టెంటు వేసినాయన ఏం చెప్పాడు? ఉప్పు సగం, వెన్న సున్నా. ఫ్రిజ్ తలుపుకి అంటించాను, తీసినప్పుడల్లా చదువుతావని."

"చదువుతూనే ఉన్నా. ఉప్పు లేదు, వెన్న లేదు. బ్రెడ్డు పొడి బదులు ఓట్సు. పచ్చసొన తీసేసి తెల్లసొన. ఓవెన్‌లో పెట్టే ఈ మీట్‌లోఫ్‌లో ఇంక మిగిలిందేంటి ఆర్లిస్?"

"కైమా మిగిలింది. క్యారెట్టు, ఉల్లిపాయ, పుట్టగొడుగులు. అన్నీ సన్నగా తురిమేశాను, ఎల్సీ ఏరి పక్కన పెట్టకుండా. రా, కలుపుదువుగాని. చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"అయితే రా."

"ఇవాళ నువ్వే కలుపు."

"ప్రతి ఆదివారం నువ్వేగా కలిపేది. నా వేళ్ళు పట్టు తప్పుతున్నాయని నీకు తెలుసు. ఏం, ఇవాళ నీ చేతులకేమైంది?"

"ఏం కాలేదు."

"ఇటు చూపించు. ఎర్రగా కందిపోయాయి. మెటికల దగ్గర చర్మం పగిలింది. ఎన్నిసార్లు కడిగావేంటి?"

"షెడ్డులో పనిచేసినవాడు కడుక్కోడా."

"బ్లీచు వాసన కొడుతోంది."

"నీళ్ళ తొట్లు తోమాను."

"ఆదివారం పూటా?"

"తొట్లకి ఆదివారం సోమవారం తెలుస్తుందా. ఆర్లిస్, ఈ కైమా ఎప్పటిది?"

"మనదే. అక్టోబరు బ్యాచ్‌ది. ఫ్రీజర్‌లో అడుగునుంది."

"అక్టోబరుదేనా? ఖాయంగా?"

"ప్యాకెట్టు మీద నీ చేతిరాతే ఉంది. ఎందుకట్లా అడుగుతున్నావు?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే మనిషివి కాదు నువ్వు. సరే, నేనే కలుపుతాను. ఆ ఓట్సు ఇటు ఒంపు. చాలు, చాలు. వెర్లిన్, నీ కోటేది?"

"ఏ కోటు?"

"నీకు ఎన్ని కోట్లున్నాయి? గోధుమరంగుది. కొక్కేనికి లేదు. పొద్దున చర్చికి వెళ్ళేటప్పుడు చూశాను."

"పికప్‌లో ఉంటుంది."

"నేను చర్చికి వెళ్ళింది పికప్‌లోనే. లేదు."

"డీజిలు ఒలికింది దాని మీద. పారేశాను."

"పారేశావా? మోచేతులకి రెండుసార్లు అతుకు వేయించుకున్నావు, నన్ను పారెయ్యనివ్వకుండా. మారిట్ తన మొదటి జీతంతో కొన్న కోటది."

"కోటే కదా. పాతబడింది."

"ఎక్కడ పారేశావు?"

"చెత్త పీపాలో వేసి కాల్చేశాను. డీజిలు పడ్డ గుడ్డ ఇంట్లో పెట్టుకుంటామా. ఇంక ఆ కోటు గోల వదిలెయ్."

"గోల నేను చెయ్యట్లేదు. నెమ్మదిగానే అడుగుతున్నాను."

"మారిట్‌వాళ్ళు ఎన్నింటికొస్తామన్నారు?"

"వంట కానీ ముందు."

"అయిదున్నరకా, ఆరుకా? ఎల్సీ ఆకలికి ఆగదు."

"వంట కానీ అన్నానా. ఓ పని చెయ్యి, వెనక తలుపు ఒకసారి గట్టిగా వెయ్యి."

"తలుపు వేసే ఉందిగా."

"తీసి వెయ్యి. దబాలున."

"ఎందుకు?"

"ముప్పయ్యెనిమిదేళ్ళుగా ఆ తలుపు చప్పుడైతే కోళ్ళన్నీ ఒక్కసారి గొల్లుమంటాయి. నీకు అది నవ్వులాట. పిల్లకి అన్నం తినిపించేటప్పుడు పది సార్లు వేసేవాడివి. ఇవాళ నాకోసం ఒక్కసారి వెయ్యి."

"చిన్నపిల్లలా ఏంటిది."

"సరే, నువ్వు జరుగు. నేనే వేస్తాను... విన్నావా?"

"ఏం వినాలి?"

"ఒకటో షెడ్డు అరిచింది. రెండోది అరిచింది."

"ఊ."

"మూడోది?"

"గాలి అటు కొడుతోంది. వినపడదు."

"గాలి ఇటే కొడుతోంది వెర్లిన్. కర్టెను చూడు."

"ఫ్యాను మోటారు కాలిపోయిందని చెప్పానుగా. వెలుతురు తగ్గించి ఉంచాను. చీకట్లో కోళ్ళు పడుకుంటాయి. అందుకే నిన్ను అటు వెళ్ళొద్దన్నాను."

"మోటారు కాలిపోయిన షెడ్డుకి తాళం ఎందుకు వేశావు?"

"ఫోన్ మోగుతోంది."

"వినపడుతోంది. షెడ్డుకి తాళం..."

"తియ్యకు. వదిలెయ్. మారిట్ అయితే మళ్ళీ చేస్తుంది."

"మారిట్ అయితే... ఉండు, నేను తీస్తాను. చేతికి కైమా అంటింది, ఆ గుడ్డ ఇలా ఇవ్వు. హలో. ఆఁ, నేనే గోర్డన్... బాగానే ఉన్నాం. ఒంట్లో బాగాలేదని వెర్లిన్ చర్చికి రాలేదు... కాదు, గుండె కాదు. కాస్త నలతగా ఉందంతే... ఎక్కడ? ... మూడో దాని మీదా? ... ఎన్ని? ... లేదు, నాకు చెప్పలేదు... సరే, అడుగుతాను. మీ ఆవిడని అడిగానని చెప్పు. ఉంటాను."

"ఏంటట?"

"పక్క పొలం నుంచి చూస్తుంటే మన మూడో షెడ్డు కప్పు మీద డేగలు కనపడుతున్నాయట. పదకొండు. లెక్కపెట్టాడు. మూడు రోజులుగా తెల్లవారక ముందే నీ లోడరు చప్పుడు వినపడుతోందట. షెడ్డు వెనకేమైనా తవ్విస్తున్నారా అని అడిగాడు."

"ముసలాడికి వేరే పనుండదు."

"నీకు స్టెంటు వేసిన వారమంతా మన కోళ్ళకి మేత పెట్టింది ఆ ముసలాడే."

"కాదన్నానా."

"ఎన్ని, వెర్లిన్?"

"ఏవి ఎన్ని?"

"నాచేత అడిగించకు. ఎన్ని?"

"గురువారం పొద్దున ఏడు."

"ఏడు."

"ఏడే. చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగాయనుకున్నాను. ఈ నెలలో మామూలేగా. నువ్వైనా అదే అనుకునేదానివి."

"శుక్రవారం?"

"అరవై."

"నిన్న?"

"నాలుగొందలు దాటాయి. మెడలు వెనక్కి మెలితిరిగిపోయి, నిలబడ్డ చోటే గిరగిరా... వద్దులే ఆర్లిస్. వంట చేస్తున్నావు."

"ఇవాళ?"

"ఇవాళ లెక్కపెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదు?"

"బతికున్నవి లెక్కపెట్టడం తేలికయ్యింది గనక."

"దేవుడా."

"అందుకే చెప్పలేదు నీకు."

"ఆరు వేల కోళ్ళు వెర్లిన్. పశువుల డాక్టరుకి చెప్పావా?"

"లేదు."

"రాష్ట్ర పశువుల శాఖ వాళ్ళకి? ఫోన్ పక్కనే నంబరు రాసిపెట్టి ఉంది. నువ్వే రాశావు, ఎర్ర ఇంకుతో."

"అది బర్డ్ ఫ్లూయే అని మనకి తెలీదుగా. పరీక్ష చేస్తేగాని తెలీదు."

"నీకు తెలుసు. తెలీకపోతే తాళం వేస్తావా? కోటు కాలుస్తావా?"

"నువ్వు కలపడం ఆపేశావు."

"ఆపాలి. ఎక్కువ పిసికితే రాయిలా గట్టిపడుతుంది. ఆ దిమ్మ ఆకారం వచ్చేలా పళ్ళెంలో పెట్టనీ. టమాటా గుజ్జు అందుకో. దీంట్లో చక్కెర వెయ్యలేదు, కాస్త వెనిగర్ వేశానంతే."

"చెప్పేది విను. పదేళ్ళ కిందట ఈ జబ్బే వచ్చినప్పుడు హాల్వర్ కోళ్ళ ఫారంలో ఏం జరిగిందో చూశావుగా."

"చూశాను."

"తొమ్మిది కోళ్ళు చచ్చాయని ఫోన్ చేశాడు, నిజాయితీపరుడు. మర్నాటికి కోళ్ళు ఊపిరాడక చచ్చేలా షెడ్ల నిండా మోకాళ్ళ లోతు నురగ కొట్టారు. జబ్బున్నవీ లేనివీ ఒక్కటి మిగల్లేదు. వాడు పికప్‌లో కూర్చుని అద్దాలు ఎక్కించుకుని, రేడియో పెట్టుకున్నాడు, ఆ చప్పుడు వినపడకుండా. మళ్ళీ వాడి షెడ్డులో కోడిపిల్ల దిగిందా?"

"లేదు."

"నాకు అరవయ్యారు. నా కోళ్ళు పోతే పోనీ. నేనేడవను. కానీ నేను ఫోన్ చేసిన మరుక్షణం మన చుట్టూ ఆరు మైళ్ళ వరకూ ఒక్క కోడి గేటు దాటడానికి వీల్లేదంటారు. మారిట్‌వాళ్ళ కోళ్ళ ఫారం రెండు మైళ్ళు. వాళ్ళ కోళ్ళు అమ్మకానికి లోడింగయ్యేది మంగళవారం. ఎల్లుండి, ఆర్లిస్. లారీలు ఎల్లుండి పొద్దున వస్తాయి."

"అందుకని."

"అందుకనే. వాళ్ళ మొదటి బ్యాచ్ వడదెబ్బకి పోయింది. రెండో బ్యాచ్ కాళ్ళు పడిపోయి సగం పోయింది. ఇది మూడోది. ఇదీ పోతే వాళ్ళు ఈ పని మానేసి ఊరొదిలి పోతారు. ఎవాన్ నాతో అన్నాడు, మారిట్‌కి తెలీకుండా. రెండు రోజులు. రెండే రోజులు నోరు మూసుకుంటే వాళ్ళ కోళ్ళు క్షేమంగా వెళ్ళిపోతాయి. ఆ తర్వాత నేనే ఫోన్ చేస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోనీ నన్ను."

"ఓవెన్ తలుపు తియ్యి."

"విన్నావా నేను చెప్పింది?"

"విన్నాను. తలుపు తియ్యి, పళ్ళెం బరువుగా ఉంది. యాభై అయిదు నిమిషాలకి గంట పెట్టు."

ఓవెన్‌లో పెట్టి ముప్పావుగంట అయింది. బయట ఇంకా వెలుతురుంది.

"ఈ బీన్సు ఈనెలు నువ్వు తియ్యడం లేదు, విరిచి పడేస్తున్నావు."

"అంత మాట్లాడకుండా కూర్చున్నావేం ఆర్లిస్? అరిచినా బాగుండును."

"అరిస్తే నీ గుండెకి మంచిది కాదు. గురువారం మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావు?"

"గురువారమా? ఊళ్ళోకి. మొలలకి."

"తెచ్చావా?"

"కావలసిన సైజు దొరకలేదు."

"దొరకని మొలల కోసం మూడు గంటలు."

"బజార్లో ఎవరో ఒకరు ఆపుతారు, మాట్లాడతారు. నీకు తెలీనిదా."

"ఎవరు ఆపారు?"

"గుర్తులేదు."

"నిన్న చర్చి వంటశాలలో ఎవాన్ వాళ్ళమ్మ కనపడింది. గురువారం మా వాడికి మీ ఆయన ఎంత సాయం చేశాడో అంది. నేను తల ఊపి ఊరుకున్నాను, ఏ సాయమో తెలీక."

"నీళ్ళ పైపు పగిలింది. ఎవాన్ ఒక్కడే ఉన్నాడు. మారిట్ పాపని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రమ్మని పిలిస్తే రానని ఏం సాకు చెప్పను?"

"పొద్దున ఏడు కోళ్ళు చచ్చాయని చెప్పొచ్చు."

"అప్పటికి చలి అనుకున్నానన్నానుగా."

"వాటిని ఎవరు ఎత్తి పారేశారు?"

"నేనే."

"చేత్తో."

"చేతులు కడుక్కున్నాను ఆర్లిస్. బూట్లు మార్చుకున్నాను. కొత్తవి, పెట్టెలోంచి తీసినవి."

"కోటు?"

"ఆ రోజు గాలి ఎలా ఉందో నీకు గుర్తుంది కదా. ముఖం కోసేసింది."

"కోటు, వెర్లిన్."

"వేసుకున్నాను."

"వాళ్ళ షెడ్డు లోపలికి వెళ్ళావా?"

"పైపు లోపలే ఉంటుంది."

"ఎంతసేపు?"

"మోకాళ్ళ మీద కూర్చుని బిగించాలి. గంట పట్టింది. కోళ్ళన్నీ చుట్టూ మూగాయి. వాటికి భయం లేదు కదా. ఒకటి వచ్చి నా కోటు బొత్తాం పొడిచింది. దాన్ని చూసి ఇంకోటి. నవ్వొచ్చింది నాకు. ఎంత బాగున్నాయనుకున్నావు, మెడలు ఎర్రగా, రొమ్ములు నిండుగా. మన షెడ్లలో ఎప్పుడూ అలాంటి బ్యాచ్ రాలేదు. నేర్పింది నేనే, నన్ను మించిపోయింది పిల్ల."

"ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చేశావు?"

"మూడో షెడ్డులోకి వెళ్ళాను. ఇంకో పన్నెండు పడున్నాయి. ముక్కుల్లోంచి... అప్పుడు తెలిసింది. అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాను."

"అప్పుడైనా మారిట్‌కి చెప్పాల్సింది. ఆ రాత్రికే."

"ఏమని చెప్పను? మీ షెడ్డులోకి చావు మోసుకొచ్చానని చెప్పనా?"

"అవును. ఆ మాటే."

"ఏమీ కాలేదు వాటికి. కాదు కూడా. మూడు రోజులైంది, ఏమైనా ఉంటే పిల్ల ఈపాటికి ఫోన్ చేసేది. చేసిందా? చెయ్యలేదు. అంటే అంతా బాగున్నట్టే. కోటుకి ఏమీ అంటలేదు. అంటినా గాలికి పోయి ఉంటుంది."

"నువ్వు నిద్రపోయావా ఈ మూడు రాత్రులూ?"

"నిద్ర సంగతి ఎందుకు."

"పక్కన పడుకున్నదాన్ని నేనే కదా. లేచి వంటింట్లో కుళాయి విప్పుతావు. చేతులు కడుగుతావు. మళ్ళీ వచ్చి పడుకుంటావు. మళ్ళీ లేస్తావు. గుండె నొప్పేమో, నాతో చెప్పడం లేదేమో అనుకుని నేను కళ్ళు మూసుకుని నీ ఊపిరి లెక్కపెట్టాను."

"నిన్ను భయపెట్టడం ఎందుకని చెప్పలేదు."

"ఇప్పుడు ఫోన్ చెయ్యి వెర్లిన్."

"మంగళవారం."

"నంబరు నేను నొక్కుతాను. ఎవరని అడిగితే పేరు చెప్పు, మిగతాది వాళ్ళే అడుగుతారు. నీ నోటితో చెప్పు, అంతే చాలు నాకు."

"మంగళవారం లారీలు వాళ్ళ గేటు దాటిన నిమిషంలో చేస్తాను. ఒట్టు."

"ఆ లారీల్లో వెళ్ళే కోళ్ళు ఎక్కడికెళతాయి? ఎవరి షెడ్ల ముందునుంచి వెళతాయి? గోర్డన్ మనవడి షెడ్డు ఆ రోడ్డు పక్కనే ఉంది."

"వాటికి జబ్బు లేదంటున్నానా."

"నువ్వు అలా అనుకోవాలి కాబట్టి అంటున్నావు."

"నా కూతురి కోసం చేస్తున్నానే. నా కోసం కాదు. నీకది అర్థం కాదా?"

"అర్థమైంది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఇదే ఆఖరు. ఫోన్ చేస్తావా?"

"మంగళవారం అన్నానా."

"సరే. గంట కొట్టింది. గుడ్డ పట్టుకుని పళ్ళెం బయటికి తియ్యి, నా వేళ్ళ వల్ల కాదు. మధ్యలో ఆ థర్మామీటరు సూది గుచ్చు. ఎంత చూపిస్తోంది?"

"నూట అరవై ఎనిమిది డిగ్రీలు."

"ఉడికింది. పది నిమిషాలు కదపకు, ఇప్పుడే కోస్తే పొడిపొడిగా విడిపోతుంది."

"రంగు బాగా వచ్చింది. చక్కెర లేకపోయినా పైన పూత మెరుస్తోంది. ఎల్సీకి అంచు ముక్క పెట్టాలి, దానికి అంచంటేనే ఇష్టం."

"నువ్వు కూర్చో. పది నిమిషాలవగానే నీకు పెడతాను. వేడివేడిగా తిను."

"పిల్లలు రాకుండానా?"

"పొద్దున్నించీ కాఫీ తప్ప నీ కడుపులో ఏమీ లేదు. మాత్రలు వేసుకోవాలి. కాస్త తిని ఉంటే మంచిది."

"వాళ్ళొచ్చాకే తింటాను. బల్ల మీద పళ్ళాలు పెట్టలేదేం ఇంకా? రెండే ఉన్నాయి."

"పెడతాలే."

"ఆర్లిస్, దాని ముందు నోరు జారకు. ఒక్క ఇవాళ్టికి. నవ్వుతూ తిని వెళ్ళనీ పిల్లని. ఇవాళ ఒక్కరోజు. అదిగో, వచ్చేశారు. మట్టి దారి మొదట్లో బండి. నువ్వు కన్నీళ్ళు తుడుచుకో ముందు."

"నేనేమీ ఏడవట్లేదు."

"ఇదేంటి, వెనక ఇంకో బండి ఉంది. తెల్లది. రెండూ తెల్లవే. లోపలికి రాకుండా అక్కడే ఆపారెందుకు? ఎవరో దిగుతున్నారు. తెల్ల తొడుగులు వేసుకుంటున్నారు, కాళ్ళకి, తలకి... ఆర్లిస్. నువ్వు ఫోన్ చేశావా? నన్ను ఇక్కడ కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, నువ్వు ఫోన్ చేశావా?"

"నేను చెయ్యలేదు వెర్లిన్. వాళ్ళొచ్చేలోగా నువ్వే చేస్తావని మధ్యాహ్నం నుంచీ కనిపెట్టుకుని ఉన్నాను."

"మరి ఎవరు చేశారు? గోర్డనా?"

"మారిట్. నిన్నట్నుంచీ దాని కోళ్ళు నీళ్ళు ముట్టడం లేదట, ఇవాళ పొద్దున షెడ్డు తలుపు తీస్తే వంద పడున్నాయట, వెంటనే వాళ్ళని పిలిచింది. బయటివాళ్ళెవరైనా లోపలికొచ్చారా అని వాళ్ళు అడిగితే, ఒక్కరూ రాలేదండీ, మా నాన్న తప్ప అని చెప్పానమ్మా అంటూ మధ్యాహ్నం ఫోన్‌లో నా దగ్గర ఏడ్చింది."